మియానీ లేని ఆరు వందల డ్రాయర్లు

పోయిన వారం లలితమ్మను ఉరవకొండ పాత బస్టాండు వీధిలో, తన బట్టలంగడి బల్ల ముందు, ఒక గొర్రెలకాపరి విసిరిన మూటను చూస్తుండగా వదిలి వచ్చాం. ఆ మూట విప్పేముందు, అప్పటికి వ్యవహారం ఎక్కడ నిలిచిందో ఒకసారి చెప్పుకుంటే మంచిది.

అది రెండు వేల మూడో సంవత్సరం. భర్త పోయాక ఐదేళ్ళుగా అంగడి నడుపుతున్నది లలితమ్మే. మరిది వెంకటరాముడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. అంగడి అరుగు మీద ఇరవై రెండేళ్ళుగా దర్జీ సుంకన్న కాలు మిషన్ పెట్టుకుని, రైతులూ గొర్రెలకాపరులూ పంచె కింద తొడుక్కునే చారల డ్రాయర్లు కుట్టేవాడు. మోకాలి దాకా గుడ్డ, లోతైన జేబు, నడుముకు బిగించి కట్టే తాడు, లాడి. మనిషి వచ్చి నిలబడితే కొలత తీసి కుట్టాలి. రోజుకు ఎనిమిది అయ్యేవి. ఏడాదిలో పదకొండు నెలలకు ఆ ఎనిమిది చాలు. మాఘమాసంలో మాత్రం, బెళుగుప్ప చుట్టుపక్కల మందలన్నీ మేత వెతుక్కుంటూ తుంగభద్ర కాలువల వైపు కదిలే ఆ పదిహేను రోజుల్లో, ఐదారు వందలు ఒక్కసారిగా కావాలి. మూడేళ్ళుగా కాపరులు అరుగు ముందు నిలబడి నిలబడి, విసుగెత్తి, ఎదురుగా ఉన్న ఓబుళేసు అంగడికి పోతున్నారు. పోయినవాళ్ళు డ్రాయరుతో ఆగుతారా? పంచెలు, తువ్వాళ్ళు, ఇంట్లో ఆడవాళ్ళకు చీరలు, అన్నీ అక్కడే కొంటున్నారు.

అందుకే ఈ ఏడు లలితమ్మ రాయదుర్గంలో జయరాం అనే అతని కుట్టు యూనిట్‌కు ఆరు వందల డ్రాయర్లు ఒకే లాటుగా ఆర్డరిచ్చింది. ఆ లాటు వచ్చిన రోజే సుంకన్న తన మిషన్‌ను ఆటోలో వేసుకుని అరుగు దిగిపోయాడు. ఎనిమిది రోజుల్లో రెండు వందల పైన అమ్ముడుపోయాయి. తన అంచనా నెగ్గిందని లలితమ్మ అనుకుంటున్న పూట, ఆదివారం సంతరోజు పొద్దున్నే, వీరప్ప ఆ మూట తెచ్చి బల్లమీద వేశాడు.

"విప్పు శెట్టెమ్మా," అన్నాడు వీరప్ప. "నీ సరుకే. సిగ్గుపడొద్దు."

వీరప్పది బెళుగుప్ప దగ్గరి పల్లె. పదకొండు ఊళ్ళ మందలు ఎప్పుడు కదలాలో, ఏ దారిన పోవాలో అతను చెప్తేనే జరుగుతుంది. ఆరడుగుల మనిషి, భుజాన నల్ల గొంగడి. వెనకాల నడుం మీద చేతులు పెట్టుకుని అతని భార్య మారెక్క.

లలితమ్మ మూట విప్పింది. పందొమ్మిది డ్రాయర్లు. అన్నీ ఒకే తావున చిరిగి ఉన్నాయి. రెండు కాళ్ళూ కలిసే చోట, కుట్టు వెంబడే, జానెడు.

"ఏమప్పా, అందరూ కలిసి ఒకే కంపలో పడినారా?" అంది లలితమ్మ.

"కంప యాడిదమ్మా!" మారెక్క ముందుకొచ్చింది. "గొర్రెపిల్లను ఎత్తుకుందామని ఈ మనిషి వంగె. పర్రుమనె. గొర్రె బెదిరి పరిగెత్తె. మా అత్త నవ్వలేక కూలబడె."

"మేయ్, నువ్వు సుమ్మనుండు," అన్నాడు వీరప్ప. తర్వాత లలితమ్మతో, "సూడు శెట్టెమ్మా. గొర్లు కాసేటోడు పొద్దున్నుంచి మాపటిదాకా గొంతుకూసోవల్ల. గట్టు ఎక్కల్ల, కంచె దూకల్ల. నీ డ్రాయరు ఏసుకుంటే కుర్చీలో కూసోవల్ల. మాకు కుర్చీలు యాడివి?" అన్నాడు.

ఒక డ్రాయరు చిరిగితే తప్పు తొడుక్కున్న మనిషి ఒంటిది. పందొమ్మిది ఒకేచోట చిరిగితే తప్పు సరుకుది. లలితమ్మ ఒకదాన్ని తీసుకుని రెండు చేతులా గుంజింది. గుడ్డ గట్టిదే. దారం పంటితో కొరికి చూసింది, అదీ గట్టిదే. మిగిలింది కోత.

"వదినా," అని వెనక నుంచి వెంకటరాముడు గొంతు తగ్గించి అన్నాడు. "వీళ్ళతో మాటలెందుకు? దుడ్లు వాపసిచ్చి పంపియ్."

"ఆ దుడ్లు తీసుకోని యాడికి పోతారు? ఎదురుగా పోతారు," అంది లలితమ్మ తల తిప్పకుండానే.

వీరప్ప ఆ మాట విననే విన్నాడు. "గురువారం తెల్లారి మందలు కదుల్తాయి. బుధవారం మాపటికి మావోళ్ళందరికీ చినగని డ్రాయర్లు కావల్ల. లేదంటే ఎదురంగడి ఉండనే ఉండాది. ఈసారి పోతే మళ్ళీ నీ మెట్టు ఎక్కేది లేదు. పదకొండు ఊర్లోళ్ళకీ నేనే చెప్తా."

పదకొండు ఊళ్ళు. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా, ఏడాది పొడుగునా ఆ మెట్లు ఎక్కే కాళ్ళలో మూడో వంతు ఆ ఊళ్ళవే.

"మంగళవారం పొద్దున్నుంచి పదిమంది పదిమందిని పంపించు," అంది లలితమ్మ. "నువ్వు కడాకు రా, బుధవారం మాపటేళకు. వచ్చేటప్పుడు చినిగినవన్నీ తెమ్మని చెప్పు. ఒక్కటి గూడా ఇంట్లో పెట్టుకోవద్దు."

వీరప్ప ఆమె ముఖంలోకి చూశాడు. గొంగడి సర్దుకుని మెట్లు దిగాడు. మూట కట్టి తెచ్చిన గుడ్డను మారెక్క తీసుకోబోతే లలితమ్మ ఆపింది. "ఇది గూడా డ్రాయరే కదా?"

"అది పాతది. ఐదేండ్లయింది. సుంకన్న కుట్టింది. రంగు పోయిందని మూటలకు పెట్టుకున్న్యాం."

"ఇక్కడే ఉండనీ."

*

రాయదుర్గానికి ఫోను చేస్తే జయరాం గొంతు మోగింది. "అక్కా, నేనేం తప్పు చేయలేదు. మీరు పంపిన శాంపిల్ ముందర పెట్టుకోని కోసినాం. నూలుపోగు తేడా ఉంటే మీసం తీయించుకుంటా. ఆ శాంపిల్ చీటీ కట్టి మీకే వాపసు పంపినా గదా, చూసుకోండి."

చీటీ కట్టిన శాంపిల్ బీరువాలోనే ఉంది. లలితమ్మ దాన్ని తిరగేసి బల్లమీద పరిచింది. పక్కన మారెక్క మూటగుడ్డను, అంటే ఐదేళ్ళనాటి ఆ డ్రాయరును, తిరగేసి పరిచింది. చారలు వెలిసిపోయి తెల్లగుడ్డలా ఉన్న ఆ పాతదాంట్లో, రెండు కాళ్ళు కలిసే చోట అరచేతంత నాలుగు పలకల ముక్క ఒకటి అతికి ఉంది. దర్జీలు దాన్ని మియానీ అంటారు. గొంతుకూర్చున్నప్పుడు సాగి చోటిచ్చేది అదే. శాంపిల్లో అది లేదు.

ఇరవై రెండేళ్ళుగా వేల డ్రాయర్లు మడతపెట్టి అమ్మిన మనిషి ఆమె. ఒక్కనాడూ వాటిని తిరగేసి చూడలేదు.

ఇంకో సంగతి గుర్తొచ్చి ఆమె చెయ్యి ఆగింది. ఆ శాంపిల్ కుట్టి ఇచ్చింది సుంకన్నే.

రెండు డ్రాయర్లూ చంకన పెట్టుకుని, ఎండలో, కొండకింది వీధిలో ఉన్న సుంకన్న ఇంటికి నడిచి వెళ్ళింది. ముందుగదిలో మిషన్ మీద సుంకన్న దిండు గలీబులు కుడుతున్నాడు. గడప దగ్గర అతని కోడలు మల్లీశ్వరి రవికలకు కాజాలు కుడుతోంది. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడు బళ్ళారిలో లారీ తోలుతాడు, నెలకోసారి వస్తాడు.

లలితమ్మ రెండు డ్రాయర్లనూ మిషన్ బల్ల మీద వేసింది.

"ఇదీ నువ్వు కుట్టిందే, అదీ నువ్వు కుట్టిందే. ఒకదానికి మియానీ ఉండాది, ఒకదానికి లేదు. లేనిది ఏరి నాకు శాంపిల్ కింద ఇచ్చినావు. ఇరవై రెండేండ్లు నా అరుగు మీద కూచోని, పోతా పోతా నా కొంప ముంచి పోయినావు గదా సుంకన్నా!"

సుంకన్న కాలు ఆపలేదు. కుట్టు చివరిదాకా పోయాక దారం తెంపి, కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"నువ్వు ఏమని అడిగితివో గ్యానముందా?"

"శాంపిల్ ఇయ్యమని అడిగితి."

"కాదు. 'అందరికీ సరిపొయ్యేది ఒకటియ్యి' అంటివి. అందరికీ అంటే ఎవరికమ్మా అని అడిగితి. 'అందరికీ అంటే అందరికీ, నీకెందుకు' అంటివి."

అన్నది. లలితమ్మకు గుర్తుంది. ఆ రోజు చీరల బేళ్ళు విప్పుతూ, అతని వైపు చూడకుండానే అన్నది.

"అందరికీ సరిపొయ్యేది ఎట్లుంటాది?" సుంకన్న గొంతు పెరిగింది. "కోర్టు గుమాస్తా ఏసుకుంటాడు, హోటల్లో గల్లా మీద కూసునేటోడు ఏసుకుంటాడు. మియానీ పెడితే వాళ్ళకి ఒత్తుకుంటాది అంటారు. అట్లాంటిది ఇస్తి. గొర్లకాపరికి అని నీ నోట రాలేదు. కాపరికి అనుంటే కాపరిదే ఇచ్చేటోణ్ణి."

"నాకు తెలీదు, సరే. నీకు తెలుసు గదా? ఆరు వందలు కుట్టిస్తాండానని తెలుసు. ఎవరికోసమో తెలుసు. ఒక్క మాట చెప్పొచ్చు గదా?"

గడప దగ్గర సూది ఆగింది.

"చెప్పొచ్చు," అంది మల్లీశ్వరి. "చెప్పొచ్చు మామా. నువ్వు చెప్పలేదు. ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో ఆయమ్మకు చెప్పు."

ముసలాయన మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "నా పనిని నా చేతనే కొలిపించి ఇంగోనికి ఇస్తాంటే," అన్నాడు చివరికి, "నాకు నోరెట్ల వస్తాదమ్మా?"

లలితమ్మ కూర్చోలేదు. కూర్చుంటే మాటలు పెరుగుతాయి. తప్పు రెండు ముక్కలయింది. అడగని ముక్క తనది, చెప్పని ముక్క అతనిది. ఏ ముక్క పెద్దదో తేల్చుకునే తీరిక బుధవారం దాకా లేదు.

"సగం నాది, సగం నీది," అంది. "మందలు కదిలిపోయినాక కావాలంటే తూకమేసుకుందాం. ఇప్పుడు ఇది చెప్పు. కుట్టు అయిపోయిన డ్రాయరుకు మియానీ ఎక్కించల్లంటే ఎంతసేపు పడ్తాది?"

సుంకన్న కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. పని మాట వచ్చేసరికి మనిషి నిటారయ్యాడు. "విప్పేదానికి నాలుగు నిమిషాలు. ఏసేదానికి ఎనిమిది."

"పన్నెండు. ఆరు వందలకు..."

"ఏడు వేల రెండు వందల నిమిషాలు," అంది మల్లీశ్వరి కాజా మీద నుంచి కళ్ళెత్తకుండా. "నూట ఇరవై గంటలు. నలుగురు కూచుంటే, దినానికి పది గంటలు, మూడు దినాలు. సోమ, మంగళ, బుధ. ఒక్క గంట మిగల్దు."

నోటిలెక్కలో లలితమ్మను దాటిపోయినవాళ్ళు ఇంతవరకు ఆమె మామగారు ఒక్కరే. ఆమె మల్లీశ్వరిని తేరిపార చూసింది.

"నలుగురూ ఒక్కొక్కరు మొత్తం పీసు చేస్తే గదా అంతసేపు?" అంది. "రాయదుర్గంలో నేను చూసినా. ఆడ నలభై మంది ఉండారు. ఒక్కరికి గూడా డ్రాయరు కుట్టేది రాదు. ఒకామె పొద్దుగూకులూ నడుంపట్టీ కుడుతుంది, ఇంకొకామె పక్క కుట్టు వేస్తుంది. అయినా మాపటికి నాలుగు వందలు బయటికొస్తాయి. మనమూ అట్లే పంచుకుందాం. విప్పేవాళ్ళు విప్పుతానే ఉండల్ల, వేసేవాళ్ళు వేస్తానే ఉండల్ల."

"అదీ ఒక పనేనా," అని గొణిగాడు సుంకన్న. "సరే, మియానీ ముక్కలు ఎవరు కోస్తారు? అది ఏటవాలుగా కోయల్ల. సీదాగా కోస్తే సాగదు. ఆరు వందలు కత్తెరతో కోస్తే నా ఏళ్ళు ఊడిపోతాయి."

"ఏటవాలు ఎంతో ఒక ముక్క కోసియ్యి. జయరాం మిషన్ అరవై మడతలు పేర్చి ఒక్కసారి కోస్తాది. అరగంట పని. ఆ గుడ్డ అతని దగ్గర ఇంకా ఉండాది."

సుంకన్న కత్తెర తీసుకున్నాడు. గుడ్డ మూలను మడిచి, ఒక్క కోత కోసి, ఆ ముక్కను రెండు వేళ్ళతో సాగదీసి చూపించాడు. ఇస్తూ ఇస్తూ చెయ్యి ఆపాడు. "మియానీ ఒకటేనా? జేబి సూసినావా? కుడి పక్క పెట్టినారు, ఏలెడంత. కాపరి కుడిచేతిలో కట్టె ఉంటాది. ఆకూవక్క ఎడం చేత్తో తీసుకోవల్ల. కొందరికి లోపల జేబి కావల్ల, బొత్తాము పెట్టి. మంద కాడ పండుకునేటప్పుడు దుడ్లు దాంట్లో ఉంటాయి. బోరు ఉండే రైతుకి స్టార్టరు తాళంచెవికి చిన్న జేబి సాలు. జేబి కాడికి వచ్చేతలికి ఎవని కత వానిదే."

"మరి కాళ్ళు? నడుము?"

"అవి ఒగటేలే. మూడు సైజులు సాలు. లాడి బిగిస్తే ఎవనికైనా నిలుస్తాది."

లలితమ్మ గడప దాటబోయినది ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తాను వేసుకున్న లెక్కలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. మొదట మొత్తం డ్రాయరును అరుగు మీదే కుట్టించింది. రోజుకు ఎనిమిది దాటలేదు. తర్వాత మొత్తం డ్రాయరును రాయదుర్గంలోనే కుట్టించింది. ఎవరికీ పనికిరాలేదు. ఒకే డ్రాయరును రెండు తావుల్లో కుట్టించొచ్చని తట్టలేదు. అందరికీ ఒకటిగా ఉండే కాళ్ళూ నడుమూ రాయదుర్గం మిషన్లకు. వచ్చిన మనిషిని చూశాక గానీ తెలియని జేబు అరుగు మీద సుంకన్నకు. ఇంత చిన్న విషయానికి ఆరు వందల పీసులు ఖర్చయ్యాయి.

"సుంకన్నా, మిషన్ ఆటోలో ఎక్కించు," అంది. "అరుగు మీద నీ తావు అట్లే ఉండాది. జేబులన్నీ విప్పి తీసేద్దాం. వచ్చిన మనిషిని అడిగి, వాని ముందరే కుట్టిద్దాం."

"కూలి?" అంది మల్లీశ్వరి. "పీసుకా, దినానికా?"

"దినానికి."

"మామకు దినానికి. మరి నాకు?"

"నీకూ," అంది లలితమ్మ.

*

ఆ సాయంత్రం బస్సులో పంపిన కోత ముక్క చూసి రాత్రికి రాత్రే మిగతావి కోయించి, సోమవారం మొదటి బస్సుకే జయరాం తానే దిగాడు. చంకలో మియానీ ముక్కల కట్ట, వెనకాల యూనిట్‌లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు. అద్దెకు తెచ్చిన రెండింటితో కలిపి అరుగు మీద మూడు మిషన్లు వరసగా పెట్టారు. ఒకామె కుట్టు విప్పి పక్కకు తోస్తుంది. ఒకామె మియానీ ఎక్కిస్తుంది. సుంకన్న మొదటి గంట ముఖం ముడుచుకునే కూర్చున్నాడు. రెండో గంటలో రాయదుర్గం ఆమె చేతిలోంచి పీసు లాక్కుని, "మూల ఇట్ల తిప్పల్ల తల్లీ, అట్ల తిప్పితే మళ్ళీ గొర్రె బెదుర్తాది," అన్నాడు. ఆ తర్వాత అరుగు మీద నవ్వులు ఆగలేదు. పన్నెండు నిమిషాల పని మధ్యాహ్నానికి తొమ్మిది నిమిషాలకు దిగింది. ఆ మిగిలిన మూడేసి నిమిషాలనూ లలితమ్మ జేబులకు మళ్ళించింది.

మంగళవారం కాపరులు రావడం మొదలైంది. మల్లీశ్వరి మెట్ల కింద నిలబడి ఒక్కొక్కరినీ రెండే ప్రశ్నలు అడిగేది. కట్టె ఏ చేతిలో పడతావు? జేబిలో ఏం పెడతావు? జవాబు చీటీ మీద రాసి డ్రాయరుకు గుచ్చి సుంకన్న ముందు వేసేది. ఒక బీడీ తాగేలోపు జేబు తయారు.

ఒక ముసలాయన తెగ ఆలోచించాడు. "కట్టె పొద్దున కుడిచేత్తో, ఎండ ఎక్కినాక ఎడం చేత్తో పడతా."

"అయితే రెండు పక్కలా పెట్టిస్తా తాతా. మధ్యానం పూట మార్చుకో," అంది మల్లీశ్వరి. ముసలాయన మురిసిపోయి, ఒకటి కొనడానికి వచ్చినవాడు మూడు తీసుకున్నాడు. ఆ మాట ఎట్లా పాకిందో, రెండు జేబుల డ్రాయరు కావాలని సాయంత్రానికి రైతులు కూడా వచ్చి నిలబడ్డారు. ఆ చీటీలన్నీ లలితమ్మ రాత్రికి పడేయలేదు. ఊరు వారీగా కట్టలు కట్టి పెట్టమంది. వచ్చే మాఘానికి ఏ ఊరికి ఎన్ని ఎడమ జేబులు కావాలో ఆ కట్టలు చెప్తాయి.

బుధవారం మాపటేళకు వీరప్ప వచ్చాడు. లోపలి గదిలోకి పోయి, కొత్త డ్రాయరు తొడుక్కుని, పంచె భుజాన వేసుకుని నేరుగా నడివీధిలోకి దిగాడు. గొంతుకూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. పక్కనున్న బండరాయి మీదికి ఒక్క అంగలో ఎక్కి దూకాడు. ఎదురంగడి వాళ్ళు కూడా పని వదిలి మెట్ల మీదికి వచ్చి చూస్తున్నారు.

"సాల్లే, లెయ్యి," అంది మారెక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "మన పెండ్లికి గూడా ఇంతమంది రాల్య నిన్ను సూసేదానికి."

వీరప్ప లేచి, దులుపుకుని, వెనక చేత్తో తడిమి చూసుకున్నాడు. కుట్టు కుట్టులాగే ఉంది. "శెట్టెమ్మా," అన్నాడు వీధిలోంచే, అందరికీ వినబడేలా. "ఇంగో మూడు కట్టు. నాలుగు పంచెలు గూడా. దీనికి చీర సూపియ్యి, నోరు మూస్తాదేమో."

దీపాలు పెట్టే వేళకు ఆరు వందల్లో మిగిలినవి నలభై రెండు. లలితమ్మ బల్ల మీద మోచేతులు ఆనించి, మూడు రోజుల్లో మొదటిసారి తీరిగ్గా నీళ్ళు తాగింది.

అప్పటిదాకా అరుగు చివర నిలబడి సుంకన్న చేతులనే చూస్తున్న జయరాం మెట్లెక్కి వచ్చాడు.

"అక్కా, దొంగతనంగా అడిగేది నాకు రాదు. మీ ముందరే అడుగుతాండా," అని సుంకన్న వైపు తిరిగాడు. "సుంకన్నా, రాయదుర్గం వచ్చెయ్. కటింగ్ మాస్టరుగా పెట్టుకుంటా. నెలకు నాలుగు వేలు, ఉండేదానికి ఇల్లు. బళ్ళారి, చిత్రదుర్గం ఆ పక్కనంతా కాపరులే. నువ్వు కోసిస్తే చాలు, నేను వేలకొద్దీ కుట్టిస్తా."

అరుగు మీద మిషన్లు ఆగాయి. సుంకన్న నెలంతా వంగి కుట్టినా అందులో సగం రాదు. అది అక్కడున్న అందరికీ తెలుసు, లలితమ్మకు అందరికంటే బాగా తెలుసు. అతని పనికి వెల కట్టి చూపించింది తానే. ఈ మూడు రోజులూ జయరాం కళ్ళముందు పెట్టి చూపించింది.

సుంకన్న జయరాం వైపు చూడలేదు. "ఆయప్ప మాట ఇన్న్యా. నీ మాట ఏందమ్మా?"

"నాలుగు వేలు నేనియ్యలేను," అంది లలితమ్మ. "అబద్ధం చెప్పను. కాపరుల డ్రాయర్ల మీద వచ్చే లాభంలో నాలుగో పాలు ఇస్తా. కుట్టేది జయరామే, కోత నీది, జేబు నీది."

"పాలు బాగుండాది. వద్దనను. అదొక్కటే సాలదు." సుంకన్న మిషన్ మీద గుడ్డ కప్పి లేచి నిలబడ్డాడు. "మా మల్లీశ్వరిని లోపల కూసోబెట్టు. మెట్ల కింద కాదు. బల్ల ఎనకాల, గల్లా కాడ. ఆ పొద్దు నువ్వు 'ఎవరికి' అని అడగకపోబట్టే గదా ఇంత జరిగె? ఈయమ్మి మూడు దినాలు అందర్నీ అడిగె. అడిగేవాళ్ళు లోపలుండల్ల. దీనికి సరే అంటే నేను యాడికీ పోను."

జయరాం నవ్వబోయి మానుకున్నాడు. మల్లీశ్వరి చేతిలోని చీటీల కట్టను పైట కొంగులో పెట్టుకుని కదలకుండా నిలబడింది. ఆమెకూ ఈ మాట కొత్తే. ముఖం చూస్తే తెలుస్తోంది.

బల్ల వెనకాల లలితమ్మ మామగారి కాలం నుంచి ఇంటివాళ్ళు తప్ప మరొకరు కూర్చోలేదు. గల్లాపెట్టె మూత ధడాలున పడింది. వెంకటరాముడు లేచి నిలబడి, మొలతాడుకు ఉన్న తాళంచెవి విప్పి, బల్ల మీద పెట్టాడు.

"ఆయమ్మ లోపలికొస్తే నేను బయటికి పోతా వదినా. నలుగురూ ఉండారు, వీళ్ళ ముందరే తేల్చెయ్."

వీరప్ప కొత్త మూట చంకన పెట్టుకుని పోబోయినవాడు ఆగిపోయాడు. మారెక్క అతని భుజం పక్కనుంచి మెడ చాచింది.

లలితమ్మ లెక్క వేసుకుంది. ఎక్కువసేపు పట్టలేదు. ఐదేళ్ళలో వెంకటరాముడు గల్లాలో రూపాయి తప్పు రానివ్వలేదు, అది నిజం. ఐదేళ్ళలో ఒక్క గిరాకీని ఏం కావాలని అడగలేదు, అదీ నిజమే. దుడ్లు ఎవరైనా ఎంచగలరు. మెట్లెక్కి వచ్చిన మనిషికి ఏం కావాలో వాని నోట చెప్పించగలిగినవాళ్ళు ఈ వీధిలో ఎందరున్నారు? ఇంట్లో మాటలొస్తాయి, చుట్టాలు పంచాయితీకి వస్తారు. వాళ్ళకు కాఫీలివ్వాలి, అంతే.

తాళంచెవి చేతిలోకి తీసుకుంది.

"మల్లీశ్వరీ," అంది. "చెప్పులు ఆడ విడిచి లోపలికి రా."

మల్లీశ్వరి దారికి అడ్డంగా ఉన్న చెక్క ఎత్తి బల్ల వెనక్కి వచ్చింది. ఆమెకు దారిస్తూ వెంకటరాముడు పక్కకు తప్పుకున్నాడు. వాదించలేదు, అరవలేదు. కండువా దులిపి భుజాన వేసుకుని, ఎప్పుడూ అంగడి మూసి ఇంటికి పోయేవాడిలాగే నింపాదిగా మెట్లు దిగాడు.

ఇంటివైపు తిరగలేదు. వీధి దాటాడు.

ఏ సరుకు ఏ ఊళ్ళో ఎంతకు దొరుకుతుందో, ఎవరికి ఎంతకు ఇస్తున్నారో, ఈ అంగడి రహస్యాలన్నీ తలలో పెట్టుకున్న మనిషి ఎదురంగడి మెట్లెక్కుతుంటే, లలితమ్మ పిడికిట్లో తాళంచెవి బిగిసింది. లోపల ఓబుళేసు ఉలిక్కిపడలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. తన కుర్చీ తానే తువ్వాలుతో తుడిచి, వెంకటరాముడి ముందుకు జరిపాడు, ఈ రోజుకోసం ఎప్పట్నుంచో కాచుకున్నవాడిలా.